కరోనా భయానికి డయాలసిస్ తగ్గించుకోవచ్చా?

మల్కాజిగిరి_కోడలు:
మా మామయ్యగారికి 67 ఏళ్లు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. పక్క బెడ్ ఆయనకి కరోనా అని తేలిందట. కొన్నాళ్లు వారానికి రెండుసార్లే పంపుదామని మా ఆయన, మా ఆడపడుచు ఒకటే పట్టు. నాకు మనసొప్పట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజు_ఈసీఐఎల్:
రెండే మేలు అక్కా. 2020లో యూరప్ లెక్కలు చూశాను, డయాలసిస్ వాళ్లకి కరోనా వస్తే 28 రోజుల్లో దాదాపు నలుగురిలో ఒకరు పోయారు. ఏసీ హాల్లో నాలుగ్గంటలు, బెడ్‌కీ బెడ్‌కీ మధ్య స్టూల్ పట్టేంత జాగా. ఇంక అంటుకోక ఏమవుతుంది?

పాత_పేషెంట్:
ఆ లెక్క టీకాలు రాకముందుది తమ్ముడూ. మనవాళ్లకి టీకా మామూలువాళ్లంత బాగా పట్టదు, నిజమే. కానీ అసలు లేనప్పటి లెక్క ఇప్పుడు చెబితే ఎట్ల?

అమ్మా, నా సంగతి విను. 2020 ఏప్రిల్‌లో గాంధీ ఆస్పత్రి మొత్తం కరోనాకే ఇచ్చేశారు, ఆ వార్తలు చూసి హడలిపోయి వరుసగా రెండు సెషన్లు ఎగ్గొట్టా. ఐదు కిలోల నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడదు. రాత్రంతా కుర్చీలో కూర్చుని కిటికీ ఊచలు పట్టుకుని వేలాడా. ఆస్పత్రికి పోతే ఆయాసం కదా, కరోనా అనుకున్నారు. రిపోర్టు వచ్చేదాకా మెషిన్ ఎక్కించం అన్నారు. డయాలసిస్ లేక ఒంట్లో పొటాషియం పెరిగితే గుండే ఆగిపోవచ్చు, రిపోర్టు దాకా ఆగమంటే ఎట్ల? నెగెటివ్ వచ్చింది. ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా నీరే.

రాజు_ఈసీఐఎల్:
మీరు బతికారు కాబట్టి చెబుతున్నారన్నా. 2021 మేలో మా బావ ఒక్క సెషన్ మానలేదు. సెంటర్‌లోనే అంటుకుంది. ఆయన వచ్చి ఇక్కడ రాయలేడు.

పాత_పేషెంట్:
...క్షమించు తమ్ముడూ.

మెషిన్_పక్క_మనిషి:
పదకొండేళ్లుగా డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఇద్దరూ చెప్పింది జరిగేదే. కానీ పాజిటివ్ వచ్చినా డయాలసిస్ ఆపరు, విడిగానో చివరి షిఫ్టులోనో చేస్తారు. జ్వరముంటే బయల్దేరే ముందే ఫోన్ చేయాలి, మావాళ్లలో సగం మంది సూది గుచ్చాక చెబుతారు! ఇంకొకటి, అందరూ మాస్కు తీసేది ఇడ్లీ డబ్బా తెరిచినప్పుడే. ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించుకునే సీఏపీడీ ఉంది, మామూలుగా రెండు లీటర్ల సంచులు రోజుకి మూడు నాలుగు. అయితే పొట్టలో పైపు వేశాక గాయం మానడానికి రెండు వారాలు పడుతుంది, చెయ్యి శుభ్రం లేకపోతే పొట్టలో ఇన్ఫెక్షన్. ఈ వారం భయానికి అది మందు కాదు. తగ్గించాలంటే మీ నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ డాక్టరు చెప్పాలి, ఆడపడుచు కాదు.

మల్కాజిగిరి_కోడలు:
పొద్దున బరువు చూస్తే మూడున్నర కిలోలు ఎక్కువున్నారు. మా ఆయనకి కాటా చూపించా, మాట్లాడలేదు. ఇప్పుడే ఆటో ఎక్కించా. గోడవైపు బెడ్ ఇస్తామన్నారు.

రాజు_ఈసీఐఎల్:
ఎన్95 పెట్టారా అక్కా? టిఫిన్ డబ్బా మాత్రం ఇచ్చి పంపకండి.