స్వర్ణముఖి వంటి వాననీటి నదికి చేపల దారులు కట్టే ఇంజినీరు అవసరమా?

ప్రశ్న (తిరుపతి): సివిల్ ఇంజినీరింగ్ ముగిస్తున్న మా తమ్ముడు నదుల పునరుద్ధరణలో, ముఖ్యంగా స్థానిక చేపలు ఆనకట్టలు దాటేందుకు దారులు నిర్మించే పనిలో స్థిరపడాలనుకుంటున్నాడు. ప్రోత్సహించవచ్చా?

చంద్రగిరి రైతు: వద్దనే నా అభిప్రాయం. అమెరికాలో ఎల్వా నది మీది రెండు ఆనకట్టలను 2011, 2014 మధ్య తొలగించారంటే, అక్కడ సముద్రం నుంచి ఎగువకు వచ్చే సాల్మన్ చేపలున్నాయి, ఏడాది పొడవునా పారే నీరుంది. స్వర్ణముఖిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. చెక్ డ్యాంలో నిలిచిన నీరే మా బోర్లకు ఆధారం.

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు: అయ్యా, బోర్ల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను, చెక్ డ్యాం తొలగించాలని నేనూ అనను. అయితే నది కొద్ది రోజులే పారుతుంది కాబట్టే ఇక్కడ చేపలకు దారి మరింత అవసరం. ఈశాన్య ఋతుపవనాల వానలకు గొలుసుకట్టు చెరువులు నిండి మరవలు పారినప్పుడు, వేసవిని మడుగుల్లో గడిపిన జెల్లలు, పరకలు ఆ కొద్ది రోజుల్లోనే ఎదురెక్కి గుడ్లు పెట్టే చోటు వెతుక్కోవాలి. అప్పుడు మీటరు ఎత్తు కాంక్రీటు గోడ అడ్డుపడితే ఆ ఏటికి వాటి ప్రయాణం అక్కడితో సరి.

మెట్లుమెట్లుగా తొట్లు కట్టే పద్ధతి ఎగిరి దూకగల సాల్మన్ కోసం రూపొందినది. దానిని ఉన్నదున్నట్టు ఇక్కడ కట్టడం డబ్బు వృథా. మనకు తగినది గోడకు దిగువన పెద్ద రాళ్లు పేర్చి, ప్రతి మీటరు ఎత్తుకు కనీసం 20 మీటర్ల పొడవుండేలా కట్టిన వాలు. రాళ్ల చాటున నీటి వేగం తగ్గి, చేప కాసేపు ఆగి మళ్లీ ఈదగలుగుతుంది. సన్నని ప్రవాహం కూడా వాలు మీదికే చేరేలా గోడ పైఅంచులో కొద్దిపాటి పల్లం వదలాలి. ఆ మేరకు నిల్వ తగ్గుతుందని రైతులకు ముందే చెప్పి ఒప్పించడం ఇంజినీరు బాధ్యత.

ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు వస్తాయని మీ తమ్ముడు ఎదురుచూడకూడదు. హైడ్రాలిక్స్‌లో గట్టి పునాది వేసుకొని, మత్స్యశాస్త్రం తెలిసినవారితో కలిసి పనిచేస్తూ, వరదలకు అప్రాన్ (గోడ దిగువన నేల కోసుకుపోకుండా వేసే గట్టి పరుపు) కొట్టుకుపోయిన చెక్ డ్యాంల మరమ్మతు అంచనాలలోనే ఈ వాలును చేర్పించాలి. ఎలాగూ రాయి, కూలీ అక్కడికి చేరే సమయం అదే.

చంద్రగిరి రైతు: నిల్వ తగ్గే సంగతి దాచకుండా చెప్పినందుకు సంతోషం. మరి ఆ వాలుకు అడ్డంగా వలలు కట్టి, ఎక్కే చేపలన్నింటినీ పట్టేస్తే?

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు: ఆ భయం నిజమే, దానిని రాళ్ల కట్టడం ఆపలేదు. మరవ పారే రోజుల్లో వాలు దగ్గర వల వేయకూడదని పంచాయతీ, మత్స్యకారుల సంఘం కలిసి తీర్మానించిన ఊళ్లోనే మొదటి వాలు కట్టాలంటాను.