మీటింగులో ఒక్కరు వద్దంటే పని ఆపాలా?

మాదాపూర్ మేనేజర్:
మా టీమ్‌లో పెద్ద వాదన నడుస్తోంది. మీ అభిప్రాయం కావాలి.

గత నెల ఒక శుక్రవారం సాయంత్రం, సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కి ముందు పన్నెండు మందిమి కూర్చున్నాం. "అంతా రెడీ కదా, రాత్రికి పంపించేద్దాం" అంటూనే మొదలుపెట్టాను. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ ఓకే అన్నారు. చివర్లో మా టెస్టర్ అమ్మాయి, చేరి ఎనిమిది నెలలే అయింది, "సార్, పాత కస్టమర్ల డేటా మార్చే స్క్రిప్టును శాంపిల్ మీదే నడిపాం, మొత్తం డేటా మీద నడపలేదు" అంది. "ఏమన్నా తప్పు కనిపించిందా?" అని అడిగాను. "లేదు సార్." "మరింకేం" అన్నాను. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ మూసేసింది.

తెల్లవారుజామున మూడింటికి స్క్రిప్టు సగంలో ఆగిపోయింది. రిలీజ్ వెనక్కి తీసుకున్నాం. ఆదివారం రాత్రిదాకా మా వాళ్లు ఇళ్లకు వెళ్లలేదు.

ఇకమీదట ఏ ఒక్కరు వద్దన్నా రిలీజ్ ఆపాలని రూల్ పెడదామనుకుంటున్నాను. సగం మంది సరే అన్నారు. మిగతా సగం, ఇలాగైతే ఏ పనీ జరగదంటున్నారు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ, కూకట్‌పల్లి:
ఆ రూల్ పెట్టకండి సార్. నేను చూసిందే చెబుతాను. మాది నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పెద్ద ఖర్చు ఏదైనా అందరూ ఒప్పుకుంటేనే చేయాలని మొదట్నుంచీ ఒక అలవాటు. లిఫ్ట్ రోప్‌లు మార్చాల్సి వచ్చింది. కింది ఫ్లాట్ ఆయన "నేను లిఫ్ట్ ఎక్కను, నేనెందుకు ఇవ్వాలి" అని అడ్డం తిరిగారు. ఏడు నెలలు గడిచిపోయాయి. నాలుగో అంతస్తులో ఒకావిడకు మోకాలి ఆపరేషన్ అయితే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కుర్రాళ్లు మెట్ల మీద మోశారు. మలుపు మలుపుకీ కుర్చీ దించి ఊపిరి తీసుకున్నారు. ఆవిడ కళ్లు మూసుకుని రెయిలింగ్ పట్టుకుని ఉంది. మరుసటి వారం జనరల్ బాడీ పెట్టి మెజారిటీతో తీర్మానం చేశాం.

వద్దనే మనిషికి చేతి నుంచి పోయేదేమీ లేదు. ఆలస్యం వల్ల కూడా జనం నష్టపోతారు. ఆ నష్టం గురించి మీటింగులో ఎవరూ మాట్లాడరు.

రిటైర్డ్ ఇంజనీర్, విశాఖ:
మేనేజర్ గారూ, మీరు రూల్ గురించి అడుగుతున్నారు కానీ, "ఏమన్నా తప్పు కనిపించిందా?" అని ఆ అమ్మాయిని అడిగారే, నాకు అక్కడ గుండె కలుక్కుమంది. 1986లో అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ విషయంలోనూ ఇదే జరిగింది.

జనవరి 27 రాత్రి. మర్నాడే ప్రయోగం. ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి. నౌకను పైకి నెట్టే బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయకోల్ కంపెనీ ఇంజనీర్లు యూటా నుంచి టెలికాన్ఫరెన్స్‌లో నాసా వాళ్లతో మాట్లాడారు. బూస్టర్ అతుకుల్లోని రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోయి సందును సరిగా మూయలేవని రోజర్ బోయ్‌జోలీ లాంటి ఇంజనీర్ల భయం. అంతకుముందు ఏడాది సుమారు 12 డిగ్రీల సెల్సియస్‌లో చేసిన ప్రయోగంలో వేడి వాయువులు రింగు దాటిన ఆనవాళ్లు చూపించారు. అంతకన్నా చలిగా ఉంటే వద్దని మొదట కంపెనీయే చెప్పింది. నాసా అధికారులు గట్టిగా నిలదీశారు. అప్పుడు కంపెనీ వాళ్లు ఐదు నిమిషాలు అడిగి లైన్ పక్కన పెట్టుకున్నారు. ఆ ఐదు నిమిషాలు అరగంట అయ్యాయి. ఇంజనీరింగ్ అధిపతి బాబ్ లండ్‌ను, ఇంజనీరు టోపీ తీసి మేనేజర్ టోపీ పెట్టుకోమని పైఅధికారి జెరాల్డ్ మేసన్ అన్నాడు. ప్రయోగించవచ్చని నలుగురు మేనేజర్లు తేల్చేశారు. ఆ గదిలోనే ఉన్న ఇంజనీర్లను ఓటు అడగలేదు. ప్రయోగ సమయానికి చలి 2 డిగ్రీల దగ్గర ఉంది. 73 సెకన్లకు నౌక ముక్కలైంది, అందులోని ఏడుగురి ప్రాణాలు పోయాయి.

పంపాలనేవాళ్లు "ఇది సురక్షితం" అని రుజువు చేయాలి. ఆ రాత్రి ఇంజనీర్లనే "ఇది ప్రమాదం" అని రుజువు చేయమన్నారు. చూడనిదాన్ని చూడలేదని చెప్పడమే ఆ అమ్మాయి పని. ఆమె చెప్పింది. అంతా చూసేశామని రుజువు చేయాల్సింది మీరు.

బెంగళూరు తెలుగువాడు:
పెద్దాయన మాటతో ఏకీభవిస్తాను, కానీ ప్రతి ఒక్కరికీ ఆపే హక్కు ఇవ్వడం నాకు నచ్చదు. మన శ్రీహరికోటనే చూడండి. 1979 ఆగస్టు 10న ఉపగ్రహాన్ని మోసే ఎస్ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం. చివరి నిమిషాల్లో కంప్యూటర్ ఆగమంది. పక్కనున్న నిపుణులు లెక్కలు చూసి ఫర్వాలేదన్నారు. మిషన్ డైరెక్టర్‌గా తానే కంప్యూటర్‌ను కాదని ప్రయోగించానని కలాం గారే తర్వాత చాలాసార్లు చెప్పారు. రెండో దశలో అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది.

ఆ తర్వాత ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ గారు విలేకరుల ముందు వైఫల్యాన్ని తన మీద వేసుకోవడం, 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు కలాం గారినే మాట్లాడమనడం అందరూ చెప్పుకునేదే. నేను దాన్ని మంచితనం కథగా చూడను. నిర్ణయం తప్పయితే ఎవరు నిలబడాలో ముందే తేలి ఉన్న సంస్థ అది. పన్నెండు మందికీ ఆపే హక్కు ఇస్తే, తప్పు జరిగిన రోజు పన్నెండు మందిలో ఎవరూ నిలబడరు.

సంఘం లీడర్, ఖమ్మం జిల్లా:
మీ ఆఫీసుల సంగతి నాకు తెలియదు. మాది పది మంది పొదుపు సంఘం. బ్యాంకు అప్పులో ఒకామె కిస్తీ కట్టకపోతే మిగతా తొమ్మిది మందికీ ఇబ్బందే. అందుకని మా దగ్గర ఒక్కరు వద్దన్నా వినాల్సిందే.

అయినా దెబ్బ తిన్నాం. ఒక సభ్యురాలు గేదెల కోసమని అరవై వేలు అడిగింది. నేనే ముందుగా "ఇద్దాం, పాపం" అన్నాను. అందరూ తీర్మానం పుస్తకంలో సంతకాలు పెట్టారు. రెండు రోజులకు బోరింగు దగ్గర ఇంకొకామె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఆ పైసలు వాళ్లాయన బయట తెచ్చిన వడ్డీ అప్పు కట్టనీకే. అందరి ముందట ఎట్ల చెప్పాలె?" అంది. ఆ గేదెలు రానే లేదు. నాలుగు కిస్తీలు తలా ఇంత వేసుకుని కట్టాం.

ఆమె తప్పు లేదు. లీడర్ సరే అన్నాక కాదనడానికి మొహమాటం. అప్పటినుంచి కొత్తగా చేరినామె మొదట మాట్లాడుతుంది, నేను ఆఖరున. సంతకాలు అదే రోజు పెట్టం, మరుసటి మీటింగులో పెడతాం. ఆ మధ్యలో బోరింగు దగ్గర మాటలన్నీ నా దగ్గరికి వస్తాయి.

రిటైర్డ్ ఇంజనీర్, విశాఖ:
అమ్మా, 1962లో క్యూబా క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనెడీ కూడా ఇలాంటి పనే చేశాడు. తను గదిలో ఉంటే సలహాదారులు మనసులో మాట చెప్పరని కొన్ని సమావేశాలకు కావాలనే వెళ్లలేదు. అంతకుముందు ఏడాది క్యూబా మీద చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడిలో దెబ్బ తిన్నాక తెలిసొచ్చింది ఆయనకు.

మాదాపూర్ మేనేజర్:
ఆ రూల్ పెట్టడం లేదు. సంఘం లీడర్ గారి మాట పట్టుకుని ఒక మార్పు చేశాను. మొన్న శుక్రవారం నేను నోరు విప్పకముందే అందరికీ చిట్టీలు ఇచ్చాను. ఏం నడిపి చూశాం, ఏం చూడలేదు, పంపాలా ఆపాలా, పేరు లేకుండా రాయమన్నాను. రెండు చిట్టీలు ఆపమన్నాయి. సోమవారానికి వాయిదా వేశాను. సేల్స్ వాళ్లకు కోపం వచ్చింది.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ, కూకట్‌పల్లి:
రెండు కాకుండా ఒక్కటే వచ్చి ఉంటే?

మాదాపూర్ మేనేజర్:
దానిలో రాసిన విషయాన్ని పరీక్షించడానికి ఒక పూట ఇచ్చేవాణ్ని. ఆ తర్వాత పంపాలో ఆపాలో నేనే చెప్పి, కింద నా పేరు రాసేవాణ్ని.

బెంగళూరు తెలుగువాడు:
ఒప్పుకుంటాను. మరి ఆ టెస్టర్ అమ్మాయితో మాట్లాడారా?

మాదాపూర్ మేనేజర్:
నిన్న మాట్లాడాను, క్షమించమని అడిగాను. "మీరు 'మరింకేం' అనకపోతే ఇంకో మాట కూడా చెప్పేదాన్ని సార్" అంది. మొత్తం డేటాకి ఆ స్క్రిప్టు ఆరు గంటలు తీసుకుంటుందని లెక్క వేసుకుందట. మేం దానికి ఇచ్చింది రెండు గంటలు. నోట్‌బుక్ తెరిచి చూపించింది. ఆ పేజీ మీద గురువారం తేదీ ఉంది.