పేజీకి 40 తెలియని మాటలు: ఇంగ్లీషు పాఠ్యపుస్తకం చదవడం ఎలా అలవాటు చేసుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. నా చదువంతా ఇంతవరకు తెలుగులోనే సాగింది. ఈ సంవత్సరం వృక్షశాస్త్రం ప్రధాన పాఠ్యాంశంగా పై చదువులో చేరాను. ఇక్కడ పుస్తకాలు, ప్రశ్నపత్రాలు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వ్యాకరణం కొంత నేర్చుకున్నాను, చిన్న చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా రాయగలను, కాని పాఠ్యపుస్తకం తెరిస్తే మాత్రం ముందుకు కదలలేకపోతున్నాను. నిన్న సుమారు 300 మాటలున్న ఒక పేజీ తీసుకుని తెలియని మాటల కింద గీతలు గీస్తూ పోతే 40 తేలాయి. అన్నిటికీ నిఘంటువులో అర్థం వెతికి, నోటుపుస్తకంలో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం రాసుకునేసరికి గంటన్నర గడిచింది. ఆ తరువాత పేజీ మళ్ళీ చదివితే, చివరికి వచ్చేసరికి మొదటి పేరాలో ఏముందో గుర్తులేదు.

ఇలా మూడు నెలల్లో రెండు నోటుపుస్తకాలు నిండాయి. నోటుపుస్తకంలో ఉన్న వరుసలోనే అడిగితే అర్థాలు చెప్పగలను. అదే మాట వేరే పుస్తకంలో ఎదురైతే ఎక్కడో చూశానని తోస్తుందే తప్ప అర్థం గుర్తుకు రాదు. ఇంతకన్నా బాధపెడుతున్న సంగతి ఇంకొకటి ఉంది: కొన్ని వాక్యాల్లో ప్రతి మాటకూ అర్థం తెలిసినా, వాక్యం ఏం చెబుతోందో తెలియడం లేదు. లోపం నా పదసంపదలో ఉందా, చదివే పద్ధతిలో ఉందా? ఇంకా ఎక్కువ మాటలు కంఠస్థం చెయ్యాలా? ఈ దారిలో నడిచినవారు చెబితే ఆచరిస్తాను.

మొదటి జవాబు (ఇంగ్లీషును రెండో భాషగా బోధించే ఉపాధ్యాయురాలు)

మీరు లెక్కపెట్టి మరీ అడిగారు కనుక జవాబు చెప్పడం సులువైందండి. 300 మాటల్లో 40 తెలియవంటే నూటికి సుమారు 13 తెలియవన్నమాట. పదసంపద మీద జీవితకాలం పరిశోధన చేసిన పాల్ నేషన్ మరొకరితో కలిసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కథను ఎవరి సాయమూ లేకుండా చక్కగా అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో నూటికి 98 దాకా తెలిసి ఉండాలని తేలింది. మీ పేజీకి ఆ కొలత వర్తింపజేస్తే తెలియని మాటలు ఆరుకు మించకూడదు. 40 తెలియని పేజీలో తెలివితేటలు ఎంత ఉన్నా అర్థం చేతికి చిక్కదు, కాబట్టి ముందు మిమ్మల్ని మీరు నిందించుకోవడం మానండి.

నా సలహా ఏమిటంటే, రోజువారీ చదువును రెండుగా విడదీయండి. పాఠ్యపుస్తకం ఎలాగూ తప్పదు. దానితో పాటు రోజూ అరగంట, పేజీకి నాలుగైదు కొత్త మాటలకు మించి తగలని తేలికైన పుస్తకం ఏదైనా నిఘంటువు పక్కన పెట్టుకోకుండా చదవండి. నేర్చుకునేవారి కోసం పరిమితమైన మాటలతో, అంచెలంచెలుగా కష్టం పెంచుతూ రాసిన కథల పుస్తకాలు ఉంటాయి. ఇవి పిల్లల పుస్తకాల్లా ఉన్నాయని చాలామంది విద్యార్థులు పక్కన పడేస్తారు, నాకు అది చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఒక మాట ఒక్కసారి చూస్తే నిలవదు. వేర్వేరు వాక్యాల్లో పది పన్నెండుసార్లు ఎదురుపడాలి, అన్నిసార్లు ఎదురుపడాలంటే చాలా పేజీలు గడవాలి, చాలా పేజీలు గడవాలంటే పుస్తకం తేలికగా ఉండక తప్పదు.

ఇక ఏ మాటలు నేర్చుకోవాలన్నది. మైకేల్ వెస్ట్ 1953లో ఇంగ్లీషులో ఎక్కువగా వాడే సుమారు 2000 మాటల పట్టిక ప్రచురించారు. అది మీకు చాలావరకు వచ్చే ఉంటుంది. ఆ 2000 దాటాక, ఏ శాస్త్రమైనా సరే చదువుల పుస్తకాల్లో పదేపదే వచ్చే 570 పదకుటుంబాలను (ఒక మూల మాట, దాని నుంచి వచ్చిన రూపాలు కలిపి ఒక కుటుంబం) ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఒక పట్టికగా కూర్చారు. ఆమె పరిశీలించిన విద్యాగ్రంథాల పాఠంలో నూటికి సుమారు 10 మాటలు ఆ 570 కుటుంబాలవే. డెరైవ్, కన్‌సిస్ట్, అస్యూమ్, సిగ్నిఫికెంట్, అనలైజ్ వంటివి అందులో ఉన్నాయి. మీరు గీతలు గీసిన 40 మాటలను ఒకసారి మూడు కుప్పలుగా వేసి చూడండి. క్లోరోప్లాస్ట్ లాంటి శాస్త్ర పదాలు ఒక కుప్ప: వాటికి భయపడనక్కరలేదు, పుస్తకమే నిర్వచనం చెబుతుంది, బొమ్మ వేస్తుంది, అధ్యాయం పొడుగునా గుర్తుచేస్తుంది. ఏ శాస్త్రంలోనైనా వచ్చే మాటలు రెండో కుప్ప, మీ శ్రమంతా ఇక్కడ పెట్టండి. ఎప్పుడో గాని కనిపించని మాటలు మూడో కుప్ప, వాటిని ప్రస్తుతానికి వదిలేయండి.

రెండో జవాబు (తెలుగులో చదువుకుని ఇప్పుడు పరిశోధన చేస్తున్న విద్యార్థి)

పై జవాబుతో ఏకీభవిస్తూనే, మీ రెండో బాధ గురించి రాస్తాను, ఎందుకంటే నేను రెండేళ్ళు దానితోనే సతమతమయ్యాను. మాటలన్నీ తెలిసినా వాక్యం తెలియకపోవడానికి, నా అనుభవంలో, రెండు కారణాలున్నాయి.

మొదటిది వాక్యం అల్లిక. మనం "నిన్న నువ్వు ఇచ్చిన పుస్తకం" అంటాం, వివరమంతా ముందు చెప్పి నామవాచకాన్ని చివర పెడతాం. ఇంగ్లీషు "ద బుక్ యు గేవ్ మీ యెస్టర్డే" అని పుస్తకాన్ని ముందు పెట్టి, వివరాన్ని దాని వెనక తగిలిస్తుంది. పైగా మన "ఇచ్చిన" అనే మాటలో "ఇది వివరం మాత్రమే, క్రియ ఇంకా రాలేదు" అనే సూచన ఉంటుంది. ఇంగ్లీషులో చాలాసార్లు ఆ సూచన ఉండదు. మీ శాస్త్రంలోంచే ఒక వాక్యం తీసుకుందాం: "ప్లాంట్స్ గ్రోన్ ఇన్ షేడ్ ఫర్ సిక్స్ వీక్స్ ప్రొడ్యూస్డ్ ఫ్యూయర్ ఫ్లవర్స్." ఇందులో "గ్రోన్" దగ్గర "మొక్కలు పెరిగాయి" అని అర్థం చెప్పుకుంటే "ప్రొడ్యూస్డ్" వచ్చేసరికి దారి తప్పుతాం. "గ్రోన్" అంటే ఇక్కడ "పెంచిన" అని. అసలు క్రియ "ప్రొడ్యూస్డ్", అంటే ఆరు వారాల పాటు నీడలో పెంచిన మొక్కలు తక్కువ పూలు పూశాయి. నేను కొన్ని నెలలు చేసిన సాధన ఒక్కటే: ప్రతి పొడవైన వాక్యంలో అసలు కర్త కింద ఒక గీత, అసలు క్రియ కింద రెండు గీతలు గీసి, మధ్యలో ఉన్నదాన్ని కుండలీకరణంలో పెట్టేవాడిని. తెలియని మాటల కింద మీరు గీస్తున్న గీతలను కొన్నాళ్ళు ఇలా మార్చి చూడండి.

రెండోది తెలిసిన మాటలు చేసే మోసం. మనం తెలుగులో రోజూ వాడే ఇంగ్లీషు మాటలకు మనవైన అర్థాలు స్థిరపడిపోయాయి. కరెంట్ అంటే మనకు విద్యుత్తు. పుస్తకంలో అది "ప్రస్తుత" అనే అర్థంలోనో, నీటి ప్రవాహం అనే అర్థంలోనో వస్తుంది. అడ్రస్ అంటే చిరునామా అనుకుంటాం. "అడ్రస్ ద ప్రాబ్లమ్" అంటే సమస్యను చేపట్టి పరిష్కారం చూడడం. "అకౌంట్ ఫర్" అన్నచోట బ్యాంకు ఖాతా గుర్తుకొస్తుంది, రచయిత ఉద్దేశం మాత్రం "కారణం చెప్పడం". చిన్న మాటలు ఇంకా ప్రమాదం: "సిన్స్" అంటే "నుంచి" మాత్రమే కాదు "కనుక" కూడా, "వైల్" అంటే "ఉండగా" మాత్రమే కాదు "అయితే" కూడా. ఇలాంటి మాట తెలియనిదిగా కనిపించదు కనుక దాని కింద మనం గీత గీయం, నిఘంటువూ తెరవం. వాక్యం అర్థం కాకపోతే అందులో బాగా తెలిసిన మాటనే ముందు అనుమానించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కర్త, క్రియల గీతలు ఈ రోజే ఒక పేజీ మీద ప్రయత్నించాను. నాలుగు వాక్యాల్లో అసలు క్రియ అనుకుని వేరేదాన్ని పట్టుకున్నానని తెలిసింది. ఒక సందేహం మిగిలింది. తేలికైన పుస్తకం చదవమన్నారు, బాగుంది, కాని పాఠ్యపుస్తకాన్ని తేలిక చేసుకునే వీలు నాకు లేదు కదా. ఆ పేజీలతో రోజూ ఏం చెయ్యాలి? రెండో కుప్పలోని మాటలను నోటుపుస్తకంలో కాక మరెలా గుర్తుపెట్టుకోవాలి?

మూడో జవాబు (అనువాదకుడు)

గుర్తుపెట్టుకోవడం గురించి ముందు చెబుతాను. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరపు మొదటి కొన్ని గంటల్లో చాలా వేగంగా, ఆ తరువాత నెమ్మదిగా సాగుతుందని ఆయన కనుగొన్నాడు. మరిచిపోయే లోపల మళ్ళీ తలుచుకోవాలన్న పద్ధతులకు ఆధారం ఇదే. 1972లో సెబాస్టియన్ లైట్నర్ దీన్ని చీటీల పెట్టెగా మలిచాడు: సరిగ్గా చెప్పగలిగిన చీటీ తరువాతి అరలోకి వెళ్ళి మరిన్ని రోజుల తరువాత బయటికి వస్తుంది, చెప్పలేకపోయినది మొదటి అరకు తిరిగి వస్తుంది. ఫోనులో ఈ పని చేసే యాప్‌లున్నా, కాగితం చీటీలతో కూడా ఫలితం బాగానే ఉంటుంది. నోటుపుస్తకంతో వచ్చిన చిక్కు మీరే చెప్పారు, అక్కడ మాటతో పాటు దాని చోటు కూడా జ్ఞాపకమవుతుంది. చీటీలు కలిపేస్తే ఆ ఆధారం పోతుంది. చీటీ మీద మాటను ఒంటరిగా రాయకండి, మీకు అది ఎదురైన వాక్యం మొత్తం రాసి, ఆ మాట ఉన్నచోట ఖాళీ వదిలి, వెనకవైపు మాట రాయండి.

వాక్యంతో రాయమనడానికి ఇంకో కారణముంది. మాటలు జంటలుగా తిరుగుతాయి. మనం తప్పు "చేస్తాం" కనుక ఇంగ్లీషులో "డూ ఎ మిస్టేక్" అని రాస్తాం, వాళ్ళు "మేక్ ఎ మిస్టేక్" అంటారు. మనం శ్రద్ధ "పెడతాం", వాళ్ళు "పే అటెన్షన్" అంటారు. ఒక్కొక్క మాటకు తెలుగు అర్థం తెలిసినంత మాత్రాన ఈ జంటలు రావు.

తెలుగు చదివినవారికి ఉన్న ఒక సౌకర్యాన్ని మీరు వాడుకోవాలని నా కోరిక. మనకు నీరు, జలం, కన్ను, నేత్రం అని ఇంటి మాటకు తోడుగా ఒక సంస్కృత మాట ఉన్నట్టే, 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దాల్లో ఇంగ్లీషులోకి ఫ్రెంచి మాటలు వెల్లువగా వచ్చాయి, లాటిన్ మాటలూ చేరాయి. అందుకే బిగిన్ పక్కన కమెన్స్, ఆస్క్ పక్కన ఇంటరాగేట్ ఉన్నాయి. పాఠ్యపుస్తకం ఎక్కువగా ఈ రెండో తరగతి మాటలతో నిండి ఉంటుంది. వాటిలో ఉపసర్గలు మనకు కొత్తవేమీ కావు: ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఒకే ధాతువు నుంచి వచ్చినట్టే ప్రొడ్యూస్, రెడ్యూస్, ఇంట్రడ్యూస్, డిడ్యూస్ అన్నీ "నడిపించు" అనే అర్థమున్న ఒకే లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి. అయితే ఆహారం తెలిసినవాడు సంహారం అర్థాన్ని ఊహించలేడు కదా. అందుచేత ధాతువు జ్ఞాపకానికి కొక్కెంలా ఉపయోగపడుతుంది గాని, అర్థాన్ని వాక్యంలోనూ నిఘంటువులోనూ సరిచూసుకోక తప్పదు.

నిఘంటువు విషయంలో మొదట రాసినవారితో నాకు కొంత భేదముంది. తేలికైన పుస్తకానికి అక్కరలేదు, నిజమే. పాఠ్యపుస్తకంలో మాత్రం ఒకే మాట మూడోసారి అడ్డుతగిలితే ఆగి చూడాలనే నా అభిప్రాయం. తెలుగు అర్థం చూడడం తప్పేమీ కాదు. దాని తరువాత, నేర్చుకునేవారి కోసం సుమారు 2000 తేలిక మాటలతోనే నిర్వచనాలు రాసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువులో కూడా ఒకసారి చూడండి, ఉదాహరణ వాక్యం అక్కడే దొరుకుతుంది.

మొదట జవాబిచ్చిన ఉపాధ్యాయురాలు

మూడోసారికి నిఘంటువు తెరవాలన్న నియమం నాకూ నచ్చింది, నేను నా తరగతిలో పెడతాను. పాఠ్యపుస్తకం సంగతి: అధ్యాయంలోని విషయాన్ని ముందుగా తెలుగులో చదవండి. మీ పాత తెలుగు పుస్తకాల్లోనే కిరణజన్యసంయోగక్రియ ఉంటుంది. విషయం తెలిసినప్పుడు తెలియని మాట తనంతట తానే సగం తెరుచుకుంటుంది. ఆపైన ఇంగ్లీషు అధ్యాయంలో శీర్షికలు, బొమ్మల కింది మాటలు, ప్రతి పేరా మొదటి వాక్యం మాత్రమే చదివి, ఈ అధ్యాయం ఏం చెప్పబోతోందో తెలుగులోనే రెండు వాక్యాలు రాసుకోండి. అప్పుడు పేరా పేరా చదవండి, పేరా పూర్తయ్యాక పుస్తకం మూసి అందులో ఏముందో మీ మాటల్లో చెప్పుకోండి. చెప్పలేకపోయిన పేరానే మళ్ళీ చదవాలి. "హౌఎవర్", "దేర్‌ఫోర్" వంటివి కనబడినచోట చుట్టూ వలయం గీయండి, వాదన మలుపు తిరిగేది అక్కడే. రోజుకు రెండు పేజీలు చాలు.

ప్రశ్న అడిగినవారు

నిన్నటి పేజీలోని 40 మాటలను మూడు కుప్పలుగా వేశాను. శాస్త్ర పదాలు 14, ఏ శాస్త్రంలోనైనా వచ్చేవి 17, అరుదైనవి 9 తేలాయి. ఆ 17 మాటలను పాత నోటుపుస్తకాల్లో వెతికితే 11 మాటలు అప్పటికే రాసి ఉన్నాయి. "డెరైవ్" నాలుగు చోట్ల ఉంది, నాలుగుసార్లూ అదే తెలుగు అర్థంతో, ఒక్కచోట కూడా వాక్యం లేదు. ఆ 11 మాటలు మొదట ఎదురైన వాక్యాలను పుస్తకంలో వెతికి చీటీల మీద రాయడం ఈ సాయంత్రం మొదలుపెట్టాను.