పాత జడ్జిమెంట్ ఇంకా నిలబడి ఉందో లేదో ఎలా చూసుకుంటున్నారు?

తెనాలి జూనియర్:
ప్రాక్టీసుకొచ్చి మూడేళ్లు. సివిల్ పనే ఎక్కువ. మొన్న ఒక ఈపీలో (కోర్టు డిక్రీని అమలు చేయించమనే పిటిషన్) పరువు పోయింది. అవతలి పార్టీ హైకోర్టులో స్టే తెచ్చుకుని రెండేళ్లు దాటింది. మా క్లయింటు రైతు, వాయిదా వాయిదాకీ "ఇంకెన్నాళ్లయ్యా" అంటాడు. ఆరు నెలలైతే స్టే దానంతటదే పోతుందని 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని మెమో వేసేశా. సీనియర్ గారి పాత ఫైల్లోదే, పేర్లు మార్చానంతే. అవతలి వకీలు గారు డెబ్బై దాటిన మనిషి. నిదానంగా లేచి, కళ్లజోడు పైకి తోసి, ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకుని "2024 ఫిబ్రవరి 29, అయిదుగురు జడ్జీలు, అది కొట్టేశారండీ" అన్నారు. జడ్జి గారు ఏమీ అనలేదు. నాట్ ప్రెస్డ్ (మెమో మీద పట్టుబట్టను) అని రాసుకుని బయటపడ్డా.

మా ఆఫీసులో ఏఎల్‌టీ, ఏఎల్‌డీ (తీర్పులు అచ్చేసే లా జర్నళ్లు) బైండింగులు గోడ నిండా ఉన్నాయి. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర లాంటి తీర్పులు వెతికే సైట్లకి చందా కట్టాల్సిందేనా? నాకొచ్చేది పెట్రోలుకీ జెరాక్సులకే సరి.

ఒంగోలు బార్:
ఇప్పుడే కట్టకు తమ్ముడూ. ఇండియన్ కానూన్ అనే ఉచిత సైట్లో జడ్జిమెంట్ తెరిస్తే పైన "సైటెడ్ బై" అని ఉంటుంది, అంటే దాన్ని ప్రస్తావించిన తర్వాతి తీర్పులు. అది నొక్కి కొత్తవి ముందుకొచ్చేలా పెట్టుకో. అందులో పెద్ద బెంచ్‌వి (ఎక్కువమంది జడ్జీలు ఇచ్చినవి) ముందు చదువు. కోర్టులో ఇచ్చే కాపీ మాత్రం ఈ-ఎస్‌సీఆర్ (సుప్రీంకోర్టు తీర్పుల అధికారిక ఆన్‌లైన్ కాపీలు) నుంచి తీయి. 2023 జనవరి నుంచి సుప్రీంకోర్టే ఉచితంగా ఇస్తోంది.

వరంగల్ క్రిమినల్:
పై సార్ చెప్పింది సివిల్‌కి సరిపోతుందేమో. మాకు 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లే మారిపోయాయి. ముందస్తు బెయిల్ కోసం 482 అని కొడితే క్వాష్ (కేసే కొట్టేయమనే) జడ్జిమెంట్లు గుట్టలుగా వచ్చి పడతాయి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే క్వాష్, దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే నంబరు ముందస్తు బెయిల్. క్వాష్ 528కి పోయింది. పాత ముందస్తు బెయిల్ తీర్పులు కావాలంటే మళ్లీ 438 కొట్టాలె. చందా సైట్లలో ఏది ఓవర్‌రూల్ అయిందో గుర్తు పెట్టి చూపిస్తారు, నేను కట్టేది దానికోసమే. ఇంకోటి, చాట్‌బాట్ చెప్పిన సైటేషన్ (కేసు రిఫరెన్సు) తెరిచి చూడకుండా మెమోల పెట్టకు. లేని కేసుకి కూడా పేజీ నంబరుతో సహా ఇస్తది.

తెనాలి జూనియర్:
థాంక్స్ అన్నా, సార్. నిన్న క్యాంటీన్లో ఆ పెద్దాయన్ని నేనే వెళ్లి పలకరించా. ఆయనకీ చందా లేదట. వాయిదా ముందు రోజు రాత్రి, తనవే కాదు, నేను చెప్తానని ఊహించినవి కూడా ఫోన్లో వెతుక్కుంటారట. నాకు టీ కూడా ఆయనే ఇప్పించారు.

రాత్రి నుంచి సీనియర్ గారి పాత మెమోలు ఒక్కోటీ చూస్తున్నా. ఏడోదే ఇంకోటి దొరికింది: చెక్ బౌన్స్ కేసు ఏ ఊళ్లో వేయాలన్న దాని మీద 2014 నాటి దశరథ్ రూప్‌సింగ్ తీర్పు. 2015 సవరణతో దానికి కాలం చెల్లింది. పోయిన నెలలో కూడా టైపు చేయించారు. ఈ మాట ఆయనకెలా చెప్పాలో తెలియట్లేదు.