పులస ముల్లు గొంతులో ఉండిపోయింది, ఎక్స్‌రేలో లేదంటున్నారు

రాజోలు కోడలు:
మావయ్యగారికి డెబ్బై దాటాయండి, పైవరస కట్టుడుపళ్ళు. నిన్న రాత్రి పులస పులుసు తింటూ "గుచ్చుకుందే" అన్నారు. అప్పట్నుంచి గుటకేసినప్పుడల్లా కుడిపక్క దవడ కింద పొడుస్తోందట. అత్తయ్యగారు అన్నం ముద్ద నమలకుండా మింగమంటారు, పక్కింటి పిన్నిగారేమో అరటిపండంటారు. వెనిగర్ తాగితే ముల్లు కరిగిపోద్దని ఇంకొకాయన. ఊళ్ళో ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. "నా గొంతు సంగతి నాకు తెలీదా" అని ఈయన పోట్లాట. జ్వరం లేదు, మాట బానే ఉంది.

ముమ్మిడివరం బాబాయ్:
పుస్తెలమ్మి తినే చేప కదమ్మా, అంత తేలిగ్గా వదుల్తుందా! ఇంకో ముద్ద మింగించు, దిగిపోద్ది.

కాకినాడ గొంతు డాక్టరు (రిటైర్డ్):
ముద్దలు ఆపించండమ్మా. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టవుతుంది. పైన గుచ్చుకున్న ముల్లు ముద్ద తోపుకి ఇంకా లోతుకి దిగుతుంది, అన్నవాహిక గోడ చిల్లు పడితే ప్రాణం మీదికొస్తుంది. వెనిగర్ గుటకలో జారిపోతుంది, ముల్లు నానడానికి టైమేదీ?

మావయ్యగారి మాటే నమ్మండి. ఒకే పక్క, ఒకే చోట పొడుస్తోందంటే ముల్లు ఉందనే అనుకుని వెతకాలి. చేపముల్లు చాలాసార్లు ఎక్స్‌రేలో పడదు. పైగా ఆ వయసులో స్వరపేటిక మృదులాస్థికి సున్నం పట్టి, అదే ముల్లులా కనపడి మోసం చేస్తుంది కూడా. ఎక్కువగా చిక్కేది టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో. లేదంటే అన్నం ఊపిరిగొట్టంలోకి పోకుండా అడ్డుపడే మూత ఉంటుంది చూడండి, దానికీ నాలుక్కీ మధ్య గుంటలో. స్వరపేటిక పక్క సందుల్లోనూ ఇరుక్కుంటుంది. టాన్సిల్‌లో ఉంటే టార్చి వేసి ఫోర్సెప్స్‌తో లాగేస్తారు. కిందైతే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూస్తారు, అప్పటికీ దొరక్కపోతే సీటీ స్కాన్.

కట్టుడుపళ్ళ సంగతి చెప్పి మంచిపని చేశారు. ముల్లుని పట్టేసేది నాలుకా అంగిలీ కలిసి. అంగిలిని ప్లేటు కప్పేస్తే ముల్లు తగిలినట్టే తెలీదు. పులస దొరికే వరదల కాలంలో నా దగ్గరికి ఇలాంటి పెద్దవాళ్ళే ఎక్కువ వచ్చేవారు.

ఈ రోజే గొంతు డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా ఏమీ తినిపించకండి, మత్తివ్వాల్సి రావచ్చు. ఉమ్మి మింగలేక కారిపోతున్నా, మెడ వాచినా, జ్వరమొచ్చినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, రక్తం కనపడినా నేరుగా ఎమర్జెన్సీకే.

రాజోలు కోడలు:
అమలాపురం తీసుకెళ్ళామండి. నాలుక మొదట్లో గుంటలోనే ఉందట, కెమెరాతో చూసి తీసేశారు. ముల్లు కాగితంలో చుట్టించుకుని, ఎక్స్‌రే తీసినాయనకి చూపిస్తానని బయల్దేరారు మావయ్యగారు! ఇంకా కాస్త మంటగా ఉందంటున్నారు.

కాకినాడ గొంతు డాక్టరు (రిటైర్డ్):
గీరుకున్న చోటమ్మా, ఒకట్రెండు రోజులుంటుంది. రోజురోజుకీ తగ్గాలి, పెరిగితే మళ్ళీ చూపించండి. కారం తగ్గించండి. చేప లేనిదే ముద్ద దిగదంటే పండుగప్ప పెట్టండి, ముళ్ళు తక్కువ.