అమ్మానాన్న వచ్చారు, ఈ వసంతంలో పార్కుల్లో వాలంటీర్ పని ఏమైనా ఉంటుందా? (నేపర్‌విల్, అరోరా వాళ్లు చెప్పండి)

రూట్ 59:

మేం షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. అమ్మానాన్న మార్చి చివర్లో తెనాలి నుంచి వచ్చారు, సెప్టెంబరు దాకా ఉంటారు. మొదటి పది రోజులు బాగానే గడిచాయి. ఇప్పుడు మా ఇద్దరికీ ఆఫీసు, పాపకి స్కూలు. ఇంట్లో వాళ్లిద్దరూ, టీవీ. ఆదివారం అరోరా బాలాజీ గుడి, వస్తూ వస్తూ కూరగాయలు, అంతే. మొన్న అమ్మ కిటికీ దగ్గర నిలబడి "ఈ ఊళ్లో మనుషులు ఎక్కడుంటారే?" అంది. కార్లు తప్ప ఏమీ కనపడటం లేదని ఆవిడ గోల.

ఫారెస్ట్ ప్రిజర్వుల్లో (ఇక్కడ కాపాడుతున్న అడవులు, గడ్డిమైదానాలు) వాలంటీర్లు కావాలని ఒక బోర్డు చూశాను. అమ్మకి 63. మోకాళ్లు కొంచెం ఇబ్బంది, ఇంగ్లీషు రాదు. కానీ ఊళ్లో మొన్నమొన్నటి దాకా పొలంలో కలుపుకి కూలీలతో పాటు తనూ దిగేది. పాపకి 9. అసలు అక్కడ ఏం చేయిస్తారు? విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు వెళ్లొచ్చా?

ఇంకో సంగతి. పోయిన వారం స్ప్రింగ్‌బ్రూక్ ప్రెయరీలో ఎవరో గడ్డి తగలబెడుతున్నారు. నాన్న కంగారుపడిపోయి 911కి ఫోన్ చెయ్యమన్నారు. యూనిఫాం వేసుకున్నవాళ్లే దగ్గరుండి అంటిస్తున్నారని చూపించాకే ఊరుకున్నారు. అదేంటో తెలిసినవాళ్లు రాస్తే ఆయనకి చదివి వినిపిస్తా.

పెరటి బీర:

అమ్మగారికి కలుపు తీయడం వచ్చు అన్నారు, ఇంకేం కావాలండీ! ఏప్రిల్ నెలాఖరు నుంచి మే మూడో వారం దాకా ఇక్కడి అడవుల్లో నడిచేది ఆ పనే.

గార్లిక్ మస్టర్డ్ అని ఒక మొక్క. ఆకు నలిపితే వెల్లుల్లి వాసన, కుటుంబం మన ఆవాలది. యూరప్ నుంచి వచ్చినవాళ్లు కూరకీ మందుకీ తెచ్చుకున్నదే. 1868 నాటికే న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో కనిపించిందని రికార్డు ఉంది. మనకి వయ్యారిభామ ఎలాగో వీళ్లకి ఇది అలాగ. కాకపోతే వయ్యారిభామ ఎండలో రోడ్ల పక్కన బలుస్తుంది, ఇది నీడలోనే అడవి లోపలికంటా దూరిపోతుంది. చెట్ల వేళ్లతో కలిసి బతికే బూజుల్ని కూడా ఇది వదిలే రసాయనాలు దెబ్బతీస్తాయి.

దీని ఆయుష్షు రెండేళ్లు. మొదటి ఏడు నేలకి అంటుకుని గుండ్రటి ఆకులు. రెండో ఏడు నడుమెత్తు దాకా లేచి తెల్ల పూలు పూస్తుంది. మనం పీకేది ఈ రెండో ఏటి మొక్కని, కాయ ముదరకముందే. వాన పడిన మర్నాడైతే వేరుతో సహా సుఖంగా వస్తుంది. వేరు పైభాగం పాములా వంకర తిరిగి ఉంటుంది, అక్కడ తెగిందా మళ్లీ చిగురేస్తుంది. పీకింది పక్కన పారేస్తే కుదరదు, పూత మీదున్నది పీకాక కూడా గింజ కట్టేస్తుంది. అందుకని సంచుల్లో కుక్కి బయటికి మోస్తారు. ఆ గింజలు నేలలో పదేళ్ల దాకా కూడా మొలిచే శక్తితో ఉండగలవు. ఒక్క ఏడాది పీకి చేతులు దులుపుకునే పని కాదు.

మా అత్తగారిని 2022లో తీసుకెళ్లాను. ప్యాంటు వేసుకోనంటే వేసుకోనన్నారు. చివరికి మావయ్యగారి ట్రాక్ ప్యాంటు, దాని మీద చీర, కుచ్చిళ్లు ఎత్తి నడుముకి దోపి, కాళ్లకి మా అబ్బాయి ఫుట్‌బాల్ మేజోళ్లు. ఆవిణ్ణి చూసి ఎవరేమనుకుంటారో అని నాకు ఒకటే టెన్షన్. ఎవరూ ఏమీ అనుకోలేదు. పరువు తీసింది నేను. మొదటి ఏటి గార్లిక్ మస్టర్డ్ ఆకు, అడవి వయొలెట్ ఆకు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. నేను చిన్న మొక్కల్ని కూడా వదలకూడదని అరగంటలో బకెట్ నింపేసి తీసుకెళ్లి చూపించాను. అక్కడ పని చూసే పెద్దాయన (ఆయనా వాలంటీరే, స్టూవర్డ్ అంటారు) ఒక ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. వెల్లుల్లీ లేదు, ఏమీ లేదు. బకెట్లో సగం వయొలెట్లే. ఫ్రిటిలరీ అనే సీతాకోకచిలుకల గొంగళిపురుగులకి ఆ ఆకే తిండి అట. అత్తగారు మాత్రం మొదటి నుంచీ అనుమానం వచ్చిన ప్రతి ఆకునీ వాసన చూసి మరీ వేస్తున్నారు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

పాపని తీసుకెళ్లొచ్చు, పెద్దవాళ్లు పక్కనుండాలి. కొన్ని పనులకి వయసు పరిమితి ఉంటుంది, రిజిస్టర్ అయ్యేటప్పుడే చూసుకోండి. గ్లవ్స్ వాళ్లే ఇస్తారు. వీసా సంగతి: జీతంతో సంబంధం లేని, అందరూ ఊరికే చేసే పని కాబట్టి మేం వెళ్లాం, మాకే ఇబ్బందీ రాలేదు. అయినా నేను లాయర్ని కాను, మీ లాయర్ని ఒక మాట అడగండి. మోకాళ్ల గురించి ముందే చెప్పండి. దారి పక్కన నిలబడి సంచి పట్టుకునే పని కూడా పనే.

లైల్ తాతయ్య:

నాన్నగారికి ఇలా చెప్పండి. ఇల్లినాయ్‌లో ఒకప్పుడు దాదాపు 2.2 కోట్ల ఎకరాల గడ్డిమైదానం ఉండేది. ఇప్పుడు అసలుది వెయ్యి ఎకరాలకి ఒక్క ఎకరం కూడా మిగల్లేదు, అంతా మొక్కజొన్న, సోయా, ఇళ్లు. స్ప్రింగ్‌బ్రూక్ కూడా పొలాలుగా ఉన్న చోటే, మళ్లీ గడ్డి విత్తనాలు చల్లి తెచ్చుకున్నారు. ఆయన చూసిన ఆ మంట మన దగ్గర వరి కొయ్యలు కాల్చడం లాంటిది కాదు. ఈ గడ్డి వేళ్లు మనిషి నిలువు లోతు, కొన్నిటివి అంతకంటే లోతు. పైన కాలినా కింద ఏమీ కాదు. చెట్లూ పొదలూ మాత్రం లేచి మైదానాన్ని మింగకుండా ఆగుతాయి. గాలి, తేమ చూసుకుని శిక్షణ పొందినవాళ్లే నిప్పు పెడతారు. పది రోజులాగి అదే చోటికి తీసుకెళ్లండి, నల్ల బూడిదలోంచి పచ్చగా సూదులు లేచి ఉంటాయి.

ఇంగ్లీషు అక్కర్లేని ఇంకో పని ఉంది: కప్పల లెక్క. చీకటి పడ్డాక చెరువు గట్టున నిలబడి ఏ కప్ప అరుస్తోందో వినడం. కోరస్ ఫ్రాగ్ అయితే దువ్వెన పళ్ల మీద వేలు గీసినట్టుంటుంది. నేను మూడేళ్లు చేశాను, ఇప్పుడు చెవులు సహకరించక మానేశాను. నాన్నగారిలాంటి వాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది.

మే మొదటి వారంలోపు హోమర్ గ్లెన్ దగ్గర మెసెంజర్ వుడ్స్‌కి కూడా వెళ్లండి. చెట్లు ఆకేసి నీడ కమ్మేలోపు నేలంతా నీలంగా బ్లూబెల్స్ పూస్తాయి, నెలాఖరుకి మళ్లీ ఏమీ ఉండదు. కోయొద్దని అమ్మగారికి ముందే చెప్పండి, దేవుడికైనా సరే.

నైట్ డ్యూటీ:

ఒక్కటే మాట, పిడుదులు. మన గేదెలకి పట్టేవి కాదు, ఇక్కడి జింకల పిడుదు నువ్వుగింజంత ఉంటుంది, పిల్లవి ఇంకా చిన్నవి. లైమ్ జబ్బు దాంతోనే వస్తుంది. లేత రంగు బట్టలు, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి, ఇంటికి రాగానే స్నానం. చంకలు, మోకాళ్ల వెనక, పాపకి జుట్టు మొదళ్లు చూడండి. కనిపిస్తే సన్న ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. మూడేసి ఆకులున్న తీగ కనిపిస్తే ముట్టుకోకండి, పాయిజన్ ఐవీ కావచ్చు, దురదగొండి దాని ముందు నయం.

రూట్ 59:

అందరికీ థాంక్సండీ. ఆవ కుటుంబం అనగానే అమ్మ అడుగుతోంది, పప్పులో వేసుకోవచ్చా అని!

పెరటి బీర:

హహ, మా అత్తగారు కూడా అదే అడిగారు. తినేదే, కానీ ప్రిజర్వులోంచి ఆకైనా అడక్కుండా ఇంటికి తేకూడదు. కొన్ని చోట్ల కలుపుమందు కూడా కొడతారు. మేం తేలేదు.

రూట్ 59 (మూడు వారాల తర్వాత):

వెళ్లొచ్చాం. పదకొండు మందిమి, వాన వెలిసిన శనివారం. నాన్న కప్పల సంగతి ఆలోచిస్తానన్నారు, అంటే రారు. పాప గంటసేపు పీకి తర్వాత వానపాముల మీద పడింది. అమ్మ వంగలేక ఒక దుంగ మీద కూర్చుని, చేతికందినంత మేరా నున్నగా చేసి, ఇంకో దుంగకి మారింది. పక్కనున్న పెద్దావిడకి వేరు తెగకుండా మొదట్లో పట్టి మెలితిప్పి లాగడం చూపించింది. ఒకరు తెలుగు, ఒకరు ఇంగ్లీషు, ఇద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకైతే తెలియదు.

రాత్రి పిన్నికి ఫోన్లో చెప్తుంటే విన్నాను: "అమెరికాలో కూలికెళ్లానే. రెండు బిస్కెట్లు పెట్టి పంపించారు. వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు."