కరెంట్ రేషియో 2 ఉంటే 90 రోజుల అరువు ఇవ్వవచ్చా?

అట్టపెట్టెల యూనిట్, విజయవాడ
మాది చిన్న పరిశ్రమ. ఒక ఆహార పదార్థాల కంపెనీ 90 రోజుల అరువు అడుగుతోంది. మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్‌లో కరెంట్ ఆస్తులు (ఏడాదిలోపు నగదయ్యేవి) 18 కోట్లు, ఏడాదిలోపు తీర్చవలసినవి 9 కోట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే కరెంట్ రేషియో 2 ఉంది కాబట్టి భయం లేదని మా అకౌంటెంట్ అంటున్నారు. మీరేమంటారు?

పాత బ్యాంకరు
మీ అకౌంటెంట్ మాట సబబే. కరెంట్ ఆస్తుల్లో నాలుగో వంతు దీర్ఘకాలిక నిధులతో సమకూర్చుకోవాలని, బ్యాంకు రుణాలపై వేసిన టాండన్ కమిటీ రెండో పద్ధతి చెప్పింది. అంటే ఏడాదిలోపు బాకీలు ముప్పావు వంతు మించకూడదు; 1.33 అనే హద్దు అక్కడి నుంచే వచ్చింది. దశాబ్దాలుగా బ్యాంకులు దాన్ని చూసే వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి అప్పు) ఇచ్చాయి. 2 అంటే హద్దుకు చాలా పైన ఉన్నట్టే.

నగదు లెక్క
బ్యాంకరు గారూ, బ్యాంకు చేతిలో తనఖా ఉంటుంది. ఈయన చేతిలో ఇన్‌వాయిస్ తప్ప ఏమీ ఉండదు. ఆ 18 కోట్లలో 11 కోట్లు గోదాములోని సరుకే అనుకోండి. అది తీసేస్తే మిగిలేది 7 కోట్లు, తీర్చవలసినవి 9 కోట్లు. గడువు దాటుతున్న తినుబండారాలను అమ్మి మూడు నెలల్లో ఎవరి బాకీ తీరుస్తారు?

తేదీ కూడా చూడాలి. మార్చి మధ్యలో ఆస్తులు 24 కోట్లు, బాకీలు 15 కోట్లు ఉంటే రేషియో 1.6. నెలాఖరులో 6 కోట్ల నగదుతో బాకీలు తీర్చేస్తే 18, 9 మిగులుతాయి. ఒక్క రూపాయి లాభం రాకుండానే 2 అయింది. ఏప్రిల్‌లో మళ్లీ అరువు మొదలు.

పాత బ్యాంకరు
అందుకే బ్యాంకులు నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ అడుగుతాయి. అయినా 1 కంటే తక్కువ ఉన్న కంపెనీ జోలికి వెళ్లమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

నగదు లెక్క
వాల్‌మార్ట్ రేషియో ఏళ్ల తరబడి 1 లోపే ఉంది. కౌంటర్‌లో డబ్బు ముందు వస్తుంది, సరఫరాదారుకు తర్వాత వెళుతుంది. ఇక సత్యం కంప్యూటర్స్ కంపెనీ సంగతి చూడండి. 2008 సెప్టెంబర్ 30 నాటి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. రేషియోకు బలమిచ్చేది ఆ నగదే కదా!

పాత బ్యాంకరు
అది మోసం. దొంగ లెక్కల ముందు ఏ కొలమానమూ నిలవదు, మీ నగదు లెక్క కూడా. దాన్ని చూపించి రేషియోను తప్పుపట్టడం న్యాయం కాదు.

నగదు లెక్క
ఆ మాట ఒప్పుకుంటాను. నిజాయతీగా రాసిన పుస్తకాల్లోనూ రేషియో చెప్పనిది ఒకటి ఉంది: డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, ఎవరికి ముందు వెళుతుంది అన్నది. విజయవాడ సోదరా, మీకు ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందంలో 90 అని రాసుకున్నా చెల్లదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి బాకీ ఎంత ఉందో కంపెనీలు తమ వార్షిక లెక్కల్లో ఒక నోట్‌గా చూపించాలి. ముందు ఆ నోట్ చదవండి. మీలాంటివాళ్లను వాళ్లు ఎలా చూస్తున్నారో అక్కడ తెలుస్తుంది.

అట్టపెట్టెల యూనిట్, విజయవాడ
ఉద్యమ్ నమోదు ఉంది. ఆ నోట్‌తో పాటు సరుకు నిల్వల వివరాలూ అడుగుతాను. అరువు 45 రోజులకే ఇస్తానని చెబుతాను.